సుంకదొడ్డి అద్దాలు

21 జులై 1959, మంగళవారం. ఆదోని.

ఆఫీసు డైరీ ఒకటి ఉంది. ఎక్కిన రైలు, తొక్కిన మైళ్లు, తిరిగిన ఇళ్లు అందులో రాయాలి. శనివారం శనివారం ఎమ్మిగనూరులో ఇన్‌స్పెక్టరు భీమసేనరావుగారు చూసి సంతకం పెడతారు. ఇది అది కాదు. పక్క గదిలో ఉండే జిన్నింగ్ మిల్లు గుమాస్తా పోయినేటి డైరీ పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను. దీనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఈ రోజు మొదటిసారి సుంకదొడ్డి. కోసిగి స్టేషన్లో సైకిలు దించుకుని కాలువ గట్టు మీద ఐదు మైళ్లు తొక్కాను. మూడు చోట్ల గట్టు తెగి ఉంది. సైకిలు భుజానికెత్తుకుని దిగి, మళ్లీ ఎక్కాను. కాలువకు నీళ్లు వదిలినప్పటి నుంచి గట్టు కింద ఊట నిలిచిపోయి ఊరంతా దోమ. నీళ్ల కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్న ఊరు. నీళ్లొచ్చాయి, వెనకే చలిజ్వరం వచ్చింది. పిల్లల కడుపు తడిమితే ఎడమ పక్క బల్ల, జ్వరంతో ఉబ్బిన ప్లీహం, చేతికి తగులుతోంది.

పని కొత్తది కాబట్టి ఇన్‌స్పెక్టరుగారు చెప్పింది ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటాను. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ పోవాలి. జ్వరం ఉన్నవాళ్ల పేరు రాసుకుని, వేలు పొడిచి, గాజు పలక మీద నెత్తురు చుక్క పూసి, ఆరబెట్టి, ఆదోని ల్యాబులో ఇవ్వాలి. అందులో మలేరియా పురుగు కనిపిస్తే ఆ పేరు మీద మాత్రలొస్తాయి. ఒక ఊళ్లో పది పేర్లు దాటితే దోమల మందు కొట్టే దళం వస్తుంది. పురుగు కనిపించకపోతే సున్న. సున్నకు మాత్రలు లేవు. మనిషి కళ్లముందు వణుకుతున్నా లేవు.

గాజు పలకల్ని ఈ ఊళ్లో అద్దాలంటున్నారు.

తలారి మాదన్న వెంట తిరిగాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా, గట్టిగా ఉన్నాడు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో అడగకుండానే చెబుతాడు. చెప్పి, వాకిలి బయటే ఆగిపోతాడు. నేను లోపలికి పోయి పొడుస్తాను. సాయంత్రానికి ఏడు అద్దాలయ్యాయి. ఒక్కో వేలికీ అరగంట వాదన.

బసమ్మ అనే ముసలామె ఉంది. నోరు మంచిది కాదు. కోడలు సిద్దమ్మ కంబళి కప్పుకుని మూల పడుకుని ఉంది.

"జరంతో నెత్తురంతా నీళ్లయిపోయింది. మిగిలింది నువ్వు తీసుకపోతావా అప్పా?" అంది బసమ్మ.

"ఒక్క చుక్కమ్మా."

"ఒక్క చుక్క ఏం జేసుకుంటావు? వండుకుంటావా?"

ఆఖరుకు సిద్దమ్మే చెయ్యి చాచింది. కాకీ చొక్కా వేసుకున్న సర్కారు మనిషి కదా.

పోయేముందు మునసబు లక్ష్మప్ప అరుగు మీద కూర్చోబెట్టి ఇత్తడి గ్లాసుతో మజ్జిగిచ్చాడు. పేరడిగాడు. జయరాజు అన్నాను.

"రాజు అంటే ఎవురప్పా? క్షత్రియులా?"

నవ్వాను.

"ఏ ఊరు?"

"ఆదోని."

"అది ఉద్యోగం. సొంతూరు?"

"మద్దికెర వైపు."

"మా వియ్యంకుడిది మద్దికెరే గదప్పా! ఆ ఊళ్లో కోడిపిల్లని గూడా పేరు పెట్టి పిలుస్తాడు. దసరాకొస్తాడులే, మాట్లాడుదువు."

మజ్జిగ చల్లగా ఉంది. సగం తాగి లేచాను. రైలుకు ఇంకా రెండు గంటలుంది.

25 జులై, శనివారం.

ఎమ్మిగనూరులో మీటింగు. బస్సులో నిలబడి పోవడం, నిలబడి రావడం.

"ఏడా? ఊళ్లో నూటఅరవై ఇళ్లున్నాయి, ఏడా?" అన్నారు భీమసేనరావుగారు. ఊరికి ఇరవై తగ్గకూడదట. మా కాగితం ఇక్కడి నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఢిల్లీకి పోతుందట. ఢిల్లీలో గోడంత దేశపటం ఉందట, జ్వరం ఉన్న ఊరి మీద గుండుసూది గుచ్చుతారట. "సూది లేకపోతే ఆ ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టు. అర్థమైందా?" అన్నారు.

అర్థమైంది.

3 ఆగస్టు.

ఏడు అద్దాలూ చీమలు నాకేశాయట. ల్యాబులో శ్రీపాదరావు పెట్టె తెరిచి చూపించాడు. పలకల మీద నెత్తురు లేదు, నా పెన్సిలు అంకెలున్నాయి.

"సుంకదొడ్డి నుంచి చీమలు పంపినావు. వాటికి మలేరియా లేదు," అన్నాడు. ముక్కుపొడుం పీల్చి తనే నవ్వుకున్నాడు.

చావడిలో ఆరబెట్టినప్పుడు పట్టి ఉంటాయి. ఐదు మైళ్లు, మూడు గండ్లు, ఏడు వాదనలు. చీమలు.

4 ఆగస్టు, మంగళవారం.

బాగా ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. నా చుట్టులో పద్నాలుగు ఊళ్లున్నాయి. సుంకదొడ్డి ఒక్కదానికే రోజంతా పోతోంది. మాదన్న ఊరి మనిషి, అందరికీ తెలిసినవాడు, చేతి ఒడుపు ఉంది. అందుకని అద్దాల పెట్టె, సూది, స్పిరిటు సీసా వాడికి అప్పజెప్పాను. నేను ఊళ్లోకి పోకుండా కాలువ తూము దగ్గరే పెట్టె ఇచ్చి పక్క ఊరికి పోతాను. సాయంత్రం తూము దగ్గరే తీసుకుంటాను. ఇది పని సులువు కోసమే.

తూము పక్క రావిచెట్టు కింద గంటసేపు నేర్పించాను. స్పిరిటు రాయాలి, ఆరనివ్వాలి, వేలి పక్కన పొడవాలి, మొదటి చుక్క తుడిచెయ్యాలి. ఒక్కో అద్దానికి ఒక్కో పోటు. ఒక పోటు నెత్తురు రెండు అద్దాలకు పుయ్యకూడదు. ఇరవై నిండాలి.

"ఇరవై ఇండ్లల్లో నేనే పొడవాలనా సారూ?" అన్నాడు.

"నువ్వే. నేర్పించాను కదా."

వాడు నా మొహం వైపు చూసి, "సరే సారూ" అన్నాడు.

సాయంత్రం వచ్చేసరికి ఇరవై అద్దాలు వరుసగా, శుభ్రంగా, చీమ పట్టకుండా తడిగుడ్డ చుట్టిన పళ్లెంలో ఉన్నాయి. చదువు రాదు కానీ ఒకటో నంబరు నుంచి ఇరవై దాకా పేర్లు తడుముకోకుండా చెప్పాడు. ఒకటి బసమ్మ కోడలు సిద్దమ్మ. నేను రాసుకున్నాను. ఎవరూ గొడవ చెయ్యలేదా అన్నాను. లేదన్నాడు. నేను ఏడింటికే అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. ఊరివాడికి ఊరివాడే సరి.

9 ఆగస్టు, ఆదివారం.

నాన్న ఉత్తరం. మద్దికెర మిషన్ బడి కప్పు కురుస్తోందట. నాలుగో తరగతి పిల్లల్ని చర్చిలో కూర్చోబెట్టి చెబుతున్నారట. నేను ఆదివారం ప్రార్థనకు పోతున్నానా అని అడిగారు. పోయాను. వెనక వరసలో కూర్చున్నాను.

14 ఆగస్టు.

సుంకదొడ్డి ఇరవై. ఇరవై సున్న.

18 ఆగస్టు, మంగళవారం.

మళ్లీ ఇరవై. మాదన్న ఎడమ చేతి వేళ్లకు గుడ్డపేలికలు కట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే, కంప కొట్టేటప్పుడు ముళ్లు దిగాయన్నాడు. తూము దగ్గర సైకిలు పట్టుకోమంటే మణికట్టుతో పట్టుకున్నాడు. జాగ్రత్తగా కొట్టుకోరాదా అన్నాను. పేర్లు ఇరవై అప్పజెప్పాడు. అవే ఇళ్లు, కొన్ని కొత్తవి.

22 ఆగస్టు.

భీమసేనరావుగారు అందరి ముందర నిలబెట్టారు. "చుట్టూ ఊళ్లలో నూటికి పదిహేను కనబడుతున్నాయి. నీ సుంకదొడ్డిలో ఒక్కటీ లేదు. ఒళ్లు వెచ్చగా లేనివాళ్లని పొడుస్తున్నావా ఏమయ్యా జయరాజూ?" అన్నారు. పేర్లు జ్వరం ఉన్నవాళ్లవే అని చెప్పాను. బల్ల చేత్తో తడిమి చూశానని చెప్పాను. "బల్ల నువ్వు తడిమితే ఢిల్లీలో తెలుస్తుందా?" అన్నారు.



28 ఆగస్టు.

ఇరవై సున్న. ల్యాబుకు పోయి తగువు పెట్టుకున్నాను. అద్దాలు మారిపోయాయేమో, రంగు సరిగా పట్టడం లేదేమో, సూక్ష్మదర్శిని తుడిచి ఎన్నాళ్లయిందో అడిగాను. శ్రీపాదరావు కోపం తెచ్చుకోలేదు.

"రంగు బాగుంది, నీ పూత బాగుంది. ఇంత మంచి పూత ఈ తాలూకాలో ఎవురూ పంపరు. నెత్తురే చిత్రంగా ఉందప్పా. ఇరవై మందికీ కడుపులో నులిపురుగులున్న లక్షణమే. ఇరవైలో ఆడోళ్లు, పిల్లోళ్లు, ముసిలోళ్లు ఉన్నారు గదా? అందురిదీ ఒకే మాదిరి."

"అందరూ తాగేది ఆ కాలువ నీళ్లే," అన్నాను.

"సరే అట్లనే రాసుకో," అని పొడుం పీల్చాడు.

1 సెప్టెంబరు, మంగళవారం.

తూము దగ్గర బసమ్మ కాచుకుని ఉంది. మూడు మైళ్లు పొలం గట్ల మీద నడిచి వచ్చిందట, నన్ను తిట్టడానికి.

"జరం మాకు, అద్దాలు నీకు. మాత్రలు ఎవురికప్పా?"

"మాత్రలు రావాలంటే నెత్తురులో పురుగు కనబడాలమ్మా. మీ సిద్దమ్మ నెత్తురు రెండుసార్లు పోయింది. ఏమీ లేదని వచ్చింది."

"ఎవురి నెత్తురు పోయింది?"

"సిద్దమ్మది."

ముసలామె నా వైపు చూసి, మాదన్న వైపు చూసింది. మాదన్న పెట్టె తుడుస్తున్నాడు.

"దినం మార్చి దినం వణుకుతాంది. అయిదో నెల దానికి. ఏమీ లేదంట!" అంది. "నువ్వు ఊళ్లోకెందుకు రావు? మా ఊరి దోవలో ముళ్లున్యాయా?"

రైలుకు టైమైంది. వచ్చేశాను.

2 సెప్టెంబరు.

ముసలివాళ్ల మాటలకు అర్థాలు వెతకడం నా పని కాదు.

12 సెప్టెంబరు.

ఇరవై సున్న. మెమో ఇచ్చారు. ఏడు రోజుల్లో సంజాయిషీ. ఇంకో రెండు విడతలు ఇలాగే వస్తే సుంకదొడ్డిని 'జ్వరం లేని ఊరు' కింద రాసి ఈ ఏడు జాబితా నుంచి తీసేస్తారట. తీసేస్తే అక్కడికి ఎవరూ పోనక్కర్లేదు. మందూ పోదు.

సంజాయిషీ మూడుసార్లు రాసి చించాను. నాలుగోసారి, 'ప్రజల సహకారం పూర్తిగా ఉన్నది, ఫలితం మాత్రము నా చేతిలో లేదు' అని రాశాను.

15 సెప్టెంబరు, మంగళవారం.

మాదన్నకు రెండు చేతులకూ పేలికలున్నాయి. "ఇరవై తప్పదా సారూ? పదహైదు చాలవా?" అన్నాడు. తప్పదన్నాను. నాకు మెమో వచ్చిందని చెప్పాను. వాడికి మెమో అంటే తెలియదు, ఉద్యోగం పోయే కాగితం అని చెప్పాను.

"అయ్యో, అట్లనా" అని పెట్టె నెత్తిన పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి ఇరవై తెచ్చాడు.

కంపకు పోవద్దని చెప్పాలనుకున్నాను. మరిచిపోయాను.

25 సెప్టెంబరు.

ఇరవై సున్న.

29 సెప్టెంబరు, మంగళవారం.

ఎండ నెత్తి మాడ్చేస్తుంటే మాదన్న కంబళి కప్పుకుని వచ్చాడు. నవ్వాను. "పొద్దున కొంచెం చలనిపించింది సారూ" అన్నాడు. పని మాత్రం తక్కువ చెయ్యలేదు. ఇరవై. పేర్లు చెప్పేటప్పుడు పన్నెండు దగ్గర ఆగిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఎప్పుడూ తడబడడు.

ఈ నెలలో ఊళ్లో ముగ్గురు పోయారట. ఒక ముసలాయన, ఇద్దరు పిల్లలు. మునసబు చావుల పుస్తకంలో మూడు చోట్లా 'జ్వరము' అని రాశాడట. మా పుస్తకంలో ఆ ఊళ్లో జ్వరమే లేదు. రెండూ సర్కారు పుస్తకాలే. ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు.

8 అక్టోబరు, గురువారం.

ఇరవైకి ఇరవై!

శ్రీపాదరావు కాగితం చేతిలో పెట్టి పొడుం డబ్బీ తీశాడు. నేను రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఇరవై పేర్లకు ఎదురుగా ఇరవై ప్లస్ గుర్తులు. నెలన్నర నుంచి నన్ను తిన్నవాళ్లందరి మొహాలు గుర్తొచ్చాయి. పోస్టాఫీసుకు పరుగెత్తి తంతి ఇచ్చాను.

9 అక్టోబరు.

భీమసేనరావుగారు కుర్చీలోంచి లేచారు. "ఇరవైకి ఇరవై ఎక్కడా రాలేదయ్యా, జిల్లాలోనే రాలేదు!" అన్నారు. కర్నూలుకు ఫోను చేశారు. దసరా అయిన మరునాడు దళం పంపుతామన్నారు. ఇరవై మందికి మాత్రలు మంజూరు. ఆయన స్వయంగా వస్తారట.

రెండు వారాల క్రితం దాకా సున్నలున్న ఊరు ఒక్కసారి ఇరవై ఎలా అయిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

13 అక్టోబరు, మంగళవారం.

ఇది అయినంత వరకు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

జీపులో పోయాం. ఇన్‌స్పెక్టరుగారు, నేను, వెనక లారీలో దళం. జులై తర్వాత నేను ఊళ్లోకి పోవడం ఇదే. మునసబు దండ తెచ్చాడు. వియ్యంకుడు దసరాకు రానేలేదట, ఆయనకూ జ్వరమట.

చావడి దగ్గర పేరు పిలిచి మాత్రలివ్వడం, వేలిముద్ర వేయించడం నా పని. ఒకటో పేరు సిద్దమ్మ. బసమ్మ ఆమెను నడిపించుకుని వచ్చింది. కడుపు తప్ప ఆ పిల్ల ఎముకల గూడయింది. వేలిముద్రకు చెయ్యి చాస్తే చూశాను. ఐదు వేళ్లూ నున్నగా ఉన్నాయి. నాలుగుసార్లు పొడిచిన చెయ్యి కాదు.

పేరు పిలవడం ఆపి బసమ్మను పక్కకు పిలిచాను.

"మాదన్న మీ ఇంటికి వచ్చి సిద్దమ్మ వేలు పొడవలేదా?"

"వచ్చినాడు. దినాం వస్తాడు. వాకిట్లో నిలబడి ఎవురికి జరమని అడిగి, ఇని, పోతాడు."

"లోపలికి రాలేదా?"

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. "వాడు మాదిగోడు. మా ఇంట్లోకొచ్చి మా కోడలి చెయ్యి పట్టుకుంటాడా? నీకేమన్నా బుద్ధుందా అప్పా? వాడికుంది. ఏ ఇంట్లోనూ కాలు పెట్టలేదు, ఎవురి చెయ్యీ అడగలేదు. సదువుకున్నోడివి, ఈ మాత్రం తెలీకనే వాడి చేతికి సూదిచ్చినావా?"

మిగిలిన పంతొమ్మిది పేర్లూ పిలిచి మాత్రలిచ్చాను. పంతొమ్మిది చేతులు చూశాను. అన్నీ నున్ననివే. అందరికీ జ్వరం మాత్రం ఉంది. పేర్లన్నీ నిజమే. నెత్తురొక్కటే వాళ్లది కాదు.

ఇన్‌స్పెక్టరుగారు మునసబు ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఊరికి దక్షిణాన వాళ్ల మాదిగపేటకు పోయాను. మాదన్న ఇంటి ముందర పెళ్లాం హులిగమ్మ నిలబడి ఉంది. దారి ఇవ్వలేదు.

"ఇంగా కావాల్నా సారూ అద్దాలు? కాలి వేళ్లున్యాయి ఇంగా, పొడుసుకో," అంది.

మాదన్న లోపల చాప మీద కంబళిలో ఉన్నాడు. చాప కదులుతోంది, అంత వణుకు. లేవబోయాడు. పడుకోమని చెయ్యి పట్టుకుని చూశాను. పది వేళ్లలో ఒక్కదానికీ పొడవడానికి చోటు లేదు. కొన్ని చీము పట్టాయి. ఐదు విడతలు, ఒక్కో విడతకు ఇరవై. ఒక్కో అద్దానికి ఒక్కో పోటు అని నేనే నేర్పించాను. వాడు అలాగే చేశాడు.

"ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. ఎవరి మీద అరిచానో నాకే తెలియదు.

"ఏం జెప్పాల సారూ? నీకు తెలుసనుకుంటి."

"నాకెట్లా తెలుస్తుంది?"

మాదన్న కంబళి మెడదాకా లాక్కున్నాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి.

"మా అక్కనిచ్చింది మద్దికెర పేటలోనే. మీ నాయన మిషన్ బడి అయ్యవారు గదా? ఎండాకాలం ఆడికి పోయినప్పుడు నిన్ను సూసినా. నువ్వు మావోడివే. మావోడికి ఇది తెలీకుండా ఉంటాదా? నువ్వు తెలిసే ఇచ్చినావు, ఎట్లనో ఒకట్ల నింపమని ఇచ్చినావు అనుకుంటి." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు మావోడివని ఊళ్లో ఎవురికీ అనలేదు సారూ. మా ఇంటిదానికి గూడా ఇయ్యాలే సెప్పినా," అన్నాడు.

హులిగమ్మ గుమ్మంలోంచి నా కాకీ చొక్కా వైపు చూస్తోంది.

ఆగస్టు నాలుగున రాసింది ఇప్పుడు తిప్పి చదివాను. 'ఇది పని సులువు కోసమే' అని ఉంది. కొట్టెయ్యను. అలాగే ఉండనీ.

ఆదివారం నుంచి మాదన్నకు జావ కూడా లోపల నిలవడం లేదట. ఊళ్లో నిజంగా నెత్తురులో పురుగు కనిపించిన మనిషి వాడొక్కడే. మాత్రల జాబితాలో లేని పేరూ అదే. మునసబు ఇంటికి పరుగెత్తాను.

"సార్, ఇంకొక మనిషికి మాత్రలు కావాలి."

"పేరుందా?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు చెయ్యి కడుక్కుంటూ.

"లేదు సార్. జ్వరం చాలా ఎక్కువగా ఉంది."

"అద్దం తియ్యి. ఫలితం రానీ. పది రోజుల్లో ఇద్దాం. లెక్క ఇరవైకే వచ్చింది కదయ్యా."

ఉన్నది చెప్పెయ్యాలనిపించింది. చెబితే ఇరవై ప్లస్సులూ పోతాయి. లారీ వెనక్కి తిరుగుతుంది. సిద్దమ్మ చేతిలో మాత్రలు తిరిగి తీసుకుంటారు. నా ఉద్యోగం సంగతి కూడా తలుచుకున్నాను. అది చివరగా తలుచుకున్నానని రాయాలనుంది. మొదటే తలుచుకున్నాను.

మళ్లీ పేటకు పోయి మాదన్న చెవి తమ్మె పొడిచి అద్దం తీశాను. 'మాదన్న, తలారి' అని నా చేత్తో రాశాను. జీపు ఎక్కకుండా కోసిగికి నడిచి సాయంత్రం బండి పట్టుకున్నాను.

14 అక్టోబరు.

ల్యాబు తలుపు తీసేసరికి నేను గడప దగ్గర ఉన్నాను. ఇప్పుడే చూడమన్నాను. వరస ఉందన్నాడు శ్రీపాదరావు. నేను కదలలేదు. గొణుక్కుంటూ రంగు వేశాడు, ఆరబెట్టాడు, కన్ను ఆనించాడు. చాలా సేపు చూశాడు.

"ఈయన నాకు తెలుసు. ఆగస్టు నుంచి సూస్తాండాను, మొగమే సూడలేదు. పేరు మాదన్ననా?" అన్నాడు.



"మీకు అప్పుడే తెలిస్తే చెప్పకూడదా?" అన్నాను.

"అద్దం మీద ఏముందో రాసేది నా పని. అద్దం ఎవురిదో రాసేది నీ పని. నీ పని తప్పని నేను రాయాల్నా? ఆ రోజు సెప్పినా గదప్పా, అందురిదీ ఒకే మాదిరుందని. కాలువ నీళ్లంటివి."

కాగితం మీద ఇరవై ఒకటో అంకె వేసి, ప్లస్ గుర్తు పెట్టి, పాత తేదీ పక్కనే ముద్ర కొట్టాడు. "ఆ ఇరవైతో పాటే వచ్చిన ఇంకొకటి రాయడం మరిసిపోయినానని మీ ఇన్‌స్పెక్టరుకు సెప్పు. నన్ను తిడతాడు. తిట్టనీ."

పదకొండు గంటల బస్సుకు ఎమ్మిగనూరు. తిట్లు పూర్తిగా విన్నాను. మాత్రలు జేబులో వేసుకున్నాను. తిరుగు బస్సు పెంచికలపాడు దాటాక చక్రం పగిలింది.

15 అక్టోబరు.

పొద్దున ఎనిమిదింటికి మాత్రలు మాదన్న నోట్లో పడ్డాయి. మొదటిసారి కక్కేశాడు. హులిగమ్మ గంజితో మళ్లీ వేసింది. వేలిముద్ర వేయించమని కాగితంలో ఉంది. వేళ్లు చూసి, నా బొటనవేలితో నేనే వేశాను.

19 అక్టోబరు.

వణుకు తగ్గిందని కబురు.

27 అక్టోబరు, మంగళవారం.

సుంకదొడ్డి. తూము దగ్గర ఆగలేదు. పెట్టె నేనే మోసుకుని ఊళ్లోకి పోయాను. మాదన్న కర్ర పట్టుకుని వెనకాల వచ్చాడు, వద్దన్నా వినలేదు. "పొడిసేది నువ్వేనా సారూ? అట్లయితే నాకేం బయం లేదు," అని హులిగమ్మ వినేట్టు అన్నాడు. ఆమె నవ్వలేదు.

మునసబు అరుగు మీదకు పిలిచాడు. లోపలి నుంచి ఇత్తడి గ్లాసు వచ్చింది.

"కూర్సో రాజు సారూ. ఇంతకూ మద్దికెరలో ఎవురోళ్లంటివి?"

"మిషన్ బడి అయ్యవారి కొడుకుని. మాది పేట," అన్నాను.

గ్లాసు నా చేతికి రాలేదు. అరుగు మీద నుంచి లోపలికే పోయింది. లక్ష్మప్ప కోపం చేసుకోలేదు. "ముందే అనుంటే పొయ్యేది గదప్పా, మా ఆడోళ్లు సెయ్యి గూడా ఇచ్చిరి" అని మాత్రం అన్నాడు. నేను మెట్టు దిగేలోపే మాట నాకన్నా ముందు వీధుల్లోకి పోయింది.

నూటఅరవై ఇళ్లు తిరిగాను. జ్వరం లేదన్నారు. లోపల దగ్గు, మూలుగు వినబడుతూనే ఉన్నాయి. తలుపులు మాత్రం మర్యాదగానే వేశారు. మాదన్న పేటలో మూడు అద్దాలు దొరికాయి.

తిరిగి వస్తుంటే తూము దగ్గర బసమ్మ ఉంది. కొంగు బిగించి, చెయ్యి చాచి నిలబడింది.

"నాకూ నిన్నట్నుంచి వణుకుతాంది. పొడువు. బిరబిరా పొడువు. ఎట్లాగూ ఇంటికి పోయి తలకు నీళ్లు పోసుకోవాల."

"జ్వరంలో తలకు పోసుకుంటావా?"

"నిన్ను ముట్టుకుంటే పోసుకోకుండా ఉంటానా? నీకు నెత్తురు కావాల, నాకు మాత్రలు కావాల. మాటలెందుకు?"

పొడిచాను. నాలుగు.

31 అక్టోబరు, శనివారం.

భీమసేనరావుగారు బల్ల మీద కాగితం పరిచి అందరికీ చూపించారు. "సుంకదొడ్డి. సెప్టెంబరు ఆఖరుకు జ్వరాలు ఇరవై ఒకటి. మందు కొట్టాక, అక్టోబరు ఆఖరుకు నాలుగు. నెలలో ఇంత తగ్గుదల! జయరాజును చూసి నేర్చుకోండి." కాపీ కర్నూలుకు పోయింది. అక్కడి నుంచి పైకి పోతుంది. ఢిల్లీలో గుచ్చిన సూది ఇంకో రెండు విడతల్లో తీసేస్తారట.

లేచి చెప్పాలనుకున్నాను. "సార్, జ్వరం తగ్గలేదు, చేతులు తగ్గాయి," అన్నాను.

"ఏమన్నావు?"

"ఏమీ లేదు సార్."

ఆ ఇరవై అద్దాలు ఒక్క మనిషివని ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా రాయలేదు.

10 నవంబరు, మంగళవారం.

సుంకదొడ్డి. అద్దాలు ఐదు. ఐదోది సిద్దమ్మది. ఇంటి లోపలికి రానివ్వలేదు, వాకిట్లో అరుగు కింద. చెయ్యి నేనే పట్టుకున్నాను. నేను పొడిచి, పూసి, అద్దం మీద పేరు రాసేదాకా బసమ్మ పక్కనే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది.